తిరిగే బొమ్మకు సల్ల బువ్వ

నేను దయ్యాలను నమ్మను. ఈ మాట అందరూ అనేదే కాబట్టి, ఎందుకు నమ్మనో కూడా చెప్తాను. నా ఉద్యోగం అంతా నర్సుగా దవాఖానలోనే గడిచింది. పోయినవాళ్ల కళ్లు మూశాను, ముక్కుల్లో దూది పెట్టాను, శవాల గది పక్కనే కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకుని తిన్నాను. చచ్చినవాళ్లు ఒక్కరూ లేచి వచ్చి నన్ను పలకరించలేదు. బతికున్నవాళ్లతోనే వేగలేకపోయాను.

రోత అన్నది కూడా నాకు తెలియదు. చీమూ నెత్తురూ వాంతులూ ఎత్తిపోసి, సబ్బుతో చేతులు కడుక్కుని, అదే చేత్తో అన్నం కలుపుకున్నదాన్ని. కొత్తగా చేరిన పిల్లలు ముక్కు మూసుకుంటే తిట్టేదాన్ని.

అందుకే ముందే చెప్తున్నాను. ఇది భయపెట్టే కథ కాదు. ఆ రోజుల్లో నాకు ఒక్కనాడూ భయం వేయలేదు. రోత పుట్టింది. ఇప్పటికీ తలుచుకుంటే అన్నం ముందు నుంచి లేచిపోవాలనిపిస్తుంది.

ఇన్నేళ్లకు ఇప్పుడెందుకు రాస్తున్నానంటే మా అల్లుడి వల్ల. మంచివాడే, కాకపోతే పాత కంప్యూటర్ ఆటల పిచ్చి. ఆదివారం వస్తే వాటిని ముందేసుకుని సెట్టింగులు మారుస్తూ కూర్చుంటాడు. ఈ ఆట యాభైలో పెడితే నెమ్మదిగా నడుస్తుంది, అరవైలో పెడితేనే అసలు ఆట అంటాడు. దాన్ని రిఫ్రెష్ రేటు అంటారట. ఈమధ్య కొత్త స్క్రీన్ మీద మజా లేదని ఎక్కడినుంచో ఒక పాత డబ్బా టీవీ మోసుకొచ్చి తగిలించాడు. బొమ్మ కింది నుంచి మీదికి పొర్లడం మొదలుపెట్టింది.

మా బిడ్డ సరిత అప్పుడు అన్నం వడ్డిస్తోంది. గిన్నె కింద పెట్టి బాల్కనీలోకి వెళ్లిపోయింది. ఏమైందని మొగుడు అడిగితే తెలియదంది. నిజంగానే తెలియదు దానికి. అది జరిగినప్పుడు దానికి ఐదేళ్లు. తెలిసినదాన్ని నేను. అల్లుడి ముందు నోటితో చెప్పలేక కాగితం మీద పెడుతున్నాను.

ఎనభైల నడుమ మాట. మేము కొత్తవాడలో ఉండేవాళ్లం. ఇంటి వెనక మగ్గాలు, బజారులో జంపఖానాల దుకాణం. ఇంట్లో మా అత్తమ్మ, మా ఆయన, మా మరిది శీను, నేను, సరిత. మామయ్య నా పెళ్లికి ముందే పోయారు.

శీనుకు ఇరవై దాటాయి. దుకాణంలో కూర్చోమంటే ఒళ్లు మండేది గానీ, రేడియోలు, టీవీలు విప్పమంటే అన్నం కూడా అక్కర్లేదు. ‘వదినా, వదినా’ అంటూ వెనకే తిరిగేవాడు. డ్యూటీ నుంచి వచ్చేసరికి చాయ్ పెట్టి ఇచ్చేవాడు. నాకు వాడంటే ఇష్టం. ఈ మాట కూడా ముందే చెప్పాలి.

వరంగల్‌లో అప్పుడప్పుడే టీవీ బొమ్మ వస్తున్న కాలం. మాది నలుపు తెలుపుది. చెక్క పెట్టె, ముందు జరిపే తలుపులు, నాలుగు కాళ్లు. శీను దోస్తు ఒకడు దుబాయి నుంచి వస్తూ ఆట డబ్బా ఒకటి తెచ్చిచ్చాడు. దాన్ని టీవీకి తగిలిస్తే తెర మీద తెల్ల పురుగు ఒకటి పాకుతుంది. హ్యాండిల్ తిప్పుతూ దానికి గింజలు తినిపించాలి. గింజ తిన్నకొద్దీ పురుగు పొడుగవుతుంది. గోడకు తగిలితే చస్తుంది. అంతే ఆట. మన టీవీలో దానికి శబ్దం కూడా వచ్చేది కాదు, బుస్సుమనే హోరు తప్ప.

తెచ్చిన రోజున బొమ్మ నిలవలేదు. మన టీవీ సెకనుకు యాభైసార్లు బొమ్మ గీస్తుందట. ఆ డబ్బా అమెరికా పద్ధతిది, అరవైసార్లు పంపుతుందట. రెంటికీ తాళం కుదరక బొమ్మ పొర్లుతూ పోయేది. ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ నడుమ నల్లటి పట్టీ. టీవీ వెనక వెర్టికల్ హోల్డ్ అని చిన్న నాబ్ ఉంటుంది. దాన్ని తిప్పితే టీవీ అరవై తాళానికి వస్తుంది, ఆట నిలబడుతుంది. కానీ అప్పుడు మన వార్తలూ సినిమాలూ పొర్లుతాయి. మళ్లీ వెనక్కి తిప్పుకోవాలి.

ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. “వార్తలు సదివేటామె తలకాయ బల్ల కిందికి పోయింది, బల్ల నెత్తి మీదికెక్కింది. నీ ఆట పాడుగాను, సక్కగ జెయ్‌రా” అని అత్తమ్మ మొత్తుకునేది. శీను నవ్వుకుంటూ వచ్చి, చూడకుండానే టీవీ వెనక చేయి పెట్టి కొంచెం తిప్పేవాడు. బొమ్మ ఠక్కున నిలిచేది. తను ఇంట్లో లేనప్పుడు ఇబ్బంది కావద్దని, కుంకుమ నూనెలో కలిపి నాబ్ పక్కన రెండు బొట్లు పెట్టాడు. మీది బొట్టు మనకు, కింది బొట్టు ఆటకు. ఈ రెండు బొట్ల సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ ఎండాకాలం శీనుకు పసిరికలు అయ్యాయి. కామెర్లు. కళ్లు పసుపుపచ్చగా తిరిగాయి. దవాఖానలో చేర్పిద్దామన్నాను. “మీ దవాఖానల పసిరికలకు మందు లేదని నువ్వే అన్నవ్ గద బిడ్డా” అంది అత్తమ్మ. ఆ మాటా అబద్ధం కాదు. పాలకుర్తి దాటాక ఒక పల్లెలో పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకుపోయారు. ఆయన పసరు పోసి, పత్యం చెప్పాడు. నూనె లేదు, కారం లేదు, ఉప్పు లేదు. ఉత్త సల్ల బువ్వ. మజ్జిగన్నాన్ని మాదగ్గర అట్లా అంటారు.

అత్తమ్మ పత్యం పట్టిందంటే పట్టిందే. వాడు టీవీ ఎదురుగా మంచం వేయించుకుని పడుకునేవాడు. హ్యాండిల్ పొట్ట మీద పెట్టుకుని, తనకు తిండి లేక, తెర మీది పురుగుకు గింజలు తినిపిస్తూ ఉండేవాడు. పక్కింట్లో యాటకూర, అంటే మేక మాంసం కూర, ఉడికితే వాసన రాకుండా అత్తమ్మ కిటికీలు మూసేది. “అమ్మా, ఒక్క ముక్క. మింగ. నమిలి ఉమ్మేత్త” అని వాడు బతిమాలడం నేను చెవులారా విన్నాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్లేది గానీ ముక్క పెట్టలేదు.

తెలివి తప్పాక దవాఖానకు తెచ్చారు. అప్పటికే కాలేయం చేతులెత్తేసింది. రెండు రోజుల్లో పోయాడు.

మా దిక్కు పోయినవాళ్లకు పిట్టకు పెడతారు. వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి దూరం జరుగుతారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాళ్లు తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. పిట్ట ముట్టేదాకా ఇంటివాళ్లు మెతుకు ముట్టరు.

శీనుకు అత్తమ్మ యాటకూర వండింది. నూనె తేలేట్టు, కారం దిట్టంగా. వేపుడు ముక్కలు, గారెలు కూడా పెట్టింది. కాకులు కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నాయి. చూశాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు దండం పెట్టి, నీ తల్లిని మేము చూసుకుంటాం, నీ పేరు ఇంట్లో పెట్టుకుంటాం అని మొక్కారు. దిగలేదు. ఆఖరికి విస్తరి నీళ్లలో కలిపేసి వచ్చాం.

కాకికి ఆకలి లేకపోతే రాదు, దీనికింత గొడవెందుకు అని నేను అనుకున్నాను. అత్తమ్మ మాత్రం దారి పొడుగునా ఒక్కటే మాట. “నా కొడుకు సల్ల బువ్వతోని పోయిండు. ముక్క అడిగితె పెట్టలే.”

దినాలు అయిపోయాక ఒక ఆదివారం, మిగిలిన చుట్టాలు సినిమా చూద్దామని టీవీ పెట్టారు. బొమ్మ పొర్లుతోంది. శీను ఆట మీద వదిలేసి ఉంటాడని మా ఆయన నాబ్‌ను పై బొట్టుకు తిప్పాడు. పొర్లుతూనే ఉంది. కింది బొట్టుకు తిప్పాడు. ఇటు చివరికి, అటు చివరికి. నిలవలేదు. మెకానిక్‌ను పిలిచాం. విప్పి చూసి, ఏదో మార్చి, తన దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడ రాయిలా నిలబడ్డది, మా ఆయన కూడా చూసి వచ్చాడు. ఇంటికి తెచ్చి పెట్టగానే మళ్లీ పొర్లింది. కరెంటు సక్కగా లేదేమో అని స్టెబిలైజర్ మార్చి చూసి, “నాకైతె సమజైతలేదన్నా” అని దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి వారం యాటకూర వండారు. సరిత టీవీ ముందు కూర్చుని పొర్లే బొమ్మనే చూస్తోంది. అత్తమ్మ ముద్ద కలిపి దాని నోట్లో పెట్టింది. బొమ్మ నిలబడ్డది.

పిల్ల నమిలినంతసేపూ నిలబడ్డది. మింగగానే మెల్లగా పొర్లడం మొదలైంది. ఇంకో ముద్ద పెట్టింది. నిలబడ్డది. నేను అక్కడే ఉన్నాను. మొదటిసారి అందరం నవ్వాం. అత్తమ్మ నవ్వలేదు. చేయి గాల్లోనే ఆగిపోయి, కళ్లు పెద్దవి చేసి తెరను చూస్తోంది.

మర్నాడు ఆమె ఆట డబ్బా తీయించి తగిలించమంది. నాబ్ ఉన్నది పై బొట్టు దగ్గర. అంటే మన తాళం. ఆ బొట్టు మీద ఆట బొమ్మ ఎప్పుడూ నిలవదు. శీను బతికున్నప్పుడు మేమంతా వందసార్లు చూసినదే. అత్తమ్మ సరిత నోట్లో ముద్ద పెట్టింది. పురుగు బొమ్మ కదలకుండా, అంచులు కూడా వణకకుండా నిలబడ్డది. హ్యాండిల్ గూట్లో ఉంది. ఎవరి చేతిలోనూ లేదు. పిల్ల ముద్ద మింగింది. పురుగు పక్కకు మళ్లి గింజ తిన్నది.

ఇంకో ముద్ద, ఇంకో గింజ. పురుగు పొడుగవుతోంది. ఏదో తీగ తప్పు ఉంటుందనే అనుకున్నాను. ఇప్పటికీ అట్లాగే అనుకోవాలని ఉంది.

ఆ రోజు నుంచి ఇల్లు ఇల్లులా లేదు. నేను ఉదయం డ్యూటీకి పోతే మధ్యాహ్నం దాటాకే వచ్చేదాన్ని. ఆలోపు ఏం జరిగేదో గల్లీ ఆడవాళ్ల నోటి నుంచే తెలిసింది. “శీను తింటాండు” అని అత్తమ్మ అందరికీ చెప్పింది. చూడ్డానికి వచ్చేవాళ్లు ఉత్త చేతులతో రాకుండా వాడికి ఇష్టమైనవి పట్టుకొచ్చేవాళ్లు. వేపుడు ముక్కలు, తలకాయ కూర, బజ్జీలు. అన్నీ నా బిడ్డ నోట్లోకే. ఒకామె పెట్టడం అయితే ఇంకొకామె. చేతులు కడిగారో లేదో కూడా ఎవరికీ పట్టలేదు. ఎవరి కళ్లూ పిల్ల మీద లేవు, అందరి కళ్లూ టీవీ మీదే. గిన్నెల చుట్టూ ఈగలు. నేను వచ్చేసరికి ఆ గదిలో ముక్కిపోయిన కూర వాసన కొట్టేది. చూరుకు వేలాడే గబ్బిలాల కంపైనా నయం.

మా ఆయనతో కొట్లాడాను. “మా అమ్మ ఇన్ని రోజులకు జర నవ్విందే. పిల్లకు తిండి పెడితె తప్పా?” అన్నాడు. తల్లి నవ్వితే ఆయనకు చాలు. ఆ నవ్వుతోనే అత్తమ్మ ముద్ద పెడుతూ పిల్ల దవడ కింద వేలితో నొక్కేది, తొందరగా మింగాలని.

నర్సును కదా, నాకు తెలియకుండా ఉంటుందా? అంత తింటున్న పిల్ల చిక్కిపోతోంది. గౌను భుజాల మీది నుంచి జారుతోంది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. కక్కుకోలేదు, విరేచనాలు లేవు. నులిపురుగుల మందు వేశాను, ఏమీ లేదు. ఒకరోజు పళ్లెం నిండా తిని లేచిన మరుక్షణం నా కొంగు పట్టుకుని, “అమ్మా, ఆకలైతాంది” అంది. ఇప్పుడే తిన్నావు కదనే అన్నాను. “బువ్వ నోట్లకెళ్లి యాడికో పోతాంది. కడుపులకు వత్తలేదు” అంది. ఏడవకుండా చెప్పింది. ఫిర్యాదు కూడా కాదు, ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది.

ఆ రోజే టీవీ ప్లగ్గు పీకి, గదికి తాళం వేశాను. పిల్ల రెండు రోజులు తాళం వేసిన తలుపు ముందు కూర్చుని ఆకలి, ఆకలి అని మూలిగింది. ఏం పెట్టినా ఆగలేదు. మూడో రోజు నేను డ్యూటీకి పోగానే తాళం పగిలింది.

ఆ మధ్యాహ్నం తలనొప్పిగా ఉండి తొందరగా ఇంటికి వచ్చాను. వాకిట్లో చెప్పులు గుట్ట పడి ఉన్నాయి. లోపల జనం. మా ఆయన మేనమామ పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉన్నాడు. చేతిలో గుడుంబా సీసా. వేలు అందులో ముంచి నా బిడ్డ నాలుక మీద రాస్తున్నాడు. “మా శీనుగానికి ఇదంటె పానం. జర నాలిక తడుపుతె ఏమైతది” అంటున్నాడు. చుట్టూ ఆడవాళ్లు నవ్వుతున్నారు. తెర మీద పురుగు గుండ్రంగా చుట్టుకుని, చుట్టుకుని, దాదాపు తెరంతా నిండిపోయి ఉంది. పిల్ల గడ్డం మీద నూనె కారుతోంది.

నేను ఎన్నో పుండ్లు కడిగాను. అంత రోత ఎప్పుడూ పుట్టలేదు. ఆ గదిలోవాళ్ల మీద, ఆ టీవీ మీద, నేను కొడుకులా చూసుకున్న శీను మీద. అవును, వాడి మీద కూడా. ఆకలితో పోయినవాడి మీద జాలి ఉండాలంటారు. ఐదేళ్ల పిల్ల నోటికాడి కూడు తినేవాడి మీద నాకు జాలి రాలేదు.

పిల్లను లాక్కుని వెలుగులోకి తెచ్చి కింది రెప్ప జరిపి చూశాను. కన్ను పచ్చగా ఉంది.

“సూడు అత్తమ్మా” అన్నాను. “మళ్ల అదే రోగం. సూడు నువ్వు పెట్టిన ముద్దలు యాడికి వొయినయో.” అంతే అన్నాను. ఆమె చేతిలో కూర గిన్నె అట్లాగే ఉంది.

సరితను దవాఖానలో చేర్పించాను. కలుషిత తిండి వల్ల కామెర్లు అన్నారు డాక్టరు. నిజమే అయ్యుంటుంది. అన్ని చేతులు, అన్ని ఈగలు. అదొక్కటే అయితే నాకు రాయడానికి ఏమీ లేదు. గ్లూకోజు ఎక్కుతోంది, పిల్ల కరిగిపోతోంది. కళ్లు మూసుకునే, “అమ్మా, బొమ్మ తిరుగుతాంది” అనేది. ఇక్కడ టీవీ లేదు బిడ్డా అంటే, “తిరుగుతాంది” అని మళ్లీ అనేది. వేలితో కింది నుంచి మీదికి చూపించేది. డాక్టరు నా భుజం మీద చేయి వేసి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ చేయి సంగతి నాకు తెలుసు. ఆశ లేనివాళ్ల తల్లుల భుజాల మీదే అది పడుతుంది.

అత్తమ్మ అప్పుడు వచ్చింది. అప్పటిదాకా రావద్దన్నాను. నేను సల్ల బువ్వ పలచగా కలిపి పిల్లకు తినిపిస్తున్నాను. రెండు ముద్దలు తిని మొహం పక్కకు తిప్పుకుంది. అత్తమ్మ మంచం పట్టె పట్టుకుని నిలబడి ఆ గిన్నెను, ఆ మొహాన్ని చూసింది. “గిదే బువ్వ. గిట్లనే మొఖం తిప్పిండు” అంది. నా చేతిలోంచి గిన్నె తీసుకుంది. పిల్ల ఎంగిలి బువ్వ కొంగు కింద పెట్టుకుని బయటికి నడిచింది.

కామెర్ల పిల్ల ఎంగిలి. తింటే అంటుకుంటుందని వార్డు గుమ్మం దాకా వెంటపడి అరిచాను. వెనక్కి తిరగలేదు.

ఇంట్లో జరిగింది మా ఆయన చెప్పాడు. ఆయన కల్పించి చెప్పే మనిషి కాదు, అంత తెలివి కూడా లేదు. అత్తమ్మ నేరుగా ఆ గదిలోకి వెళ్లి టీవీ పెట్టమందట. ఆట బొమ్మ గిర్రున పొర్లుతోందట. ఎదురుగా బాసింపట్టు వేసుకుని, ఆ ఎంగిలి బువ్వ ముద్ద నోట్లో పెట్టుకుందట. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె సరిగా తిన్నది లేదు. “ఇగ పిల్ల జోలికి వోకు. నాది తిను బిడ్డా. నీకు పెట్టిన బువ్వే నేను తింట, నా కడుపుల తిను” అందట. బొమ్మ నిలబడ్డదట. ఆమె గిన్నె నాకి, వంటింట్లో ఉన్న అన్నమంతా మజ్జిగలో పిసుక్కుని తిన్నదట. ఉప్పు లేకుండా. తింటూనే ఉందట. మా ఆయన బయటికి వచ్చి వాంతి చేసుకున్నాడు.

డాక్టర్ల రౌండు అయిపోయాక, వార్డు కడుగుతున్న వేళ అది. అదే వేళకు దవాఖానలో సరిత కళ్లు తెరిచింది. “బొమ్మ నిలబడ్డది” అంది. నీళ్లు తాగింది. సాయంత్రం నాలుగు ముద్దలు తిని, పొట్ట మీద చేయి పెట్టుకుని, “నిండింది” అంది. ఆ మాట దాని నోట విని ఎన్ని వారాలైందో.

పిల్ల కోలుకుంది. వారం తిరగకుండా ఇంటికి తెచ్చాను. దవాఖానలో కోలుకునే పిల్లలు కోలుకుంటారు, అదేం వింత కాదు. అత్తమ్మకు కామెర్లు రాలేదు. అందరికీ అంటాలని కూడా లేదు. టీవీ ఆ తర్వాత పొర్లలేదు. వార్తలకూ ఆటకూ ఒక్క బొట్టు మీదే నిలిచేది. మెకానిక్‌ను పిలిచి చూపిస్తే నాబ్ పూర్తిగా అటూ ఇటూ తిప్పి, “ఇట్ల ఉండది అక్కా, ఉండరాదు” అని చేయి వెనక్కి తీసుకున్నాడు. టీవీ కాలిపోయేదాకా అట్లాగే నడిచింది.

అత్తమ్మ మాత్రం తినడం ఆపలేదు. పొద్దున, పగలు, మాపు, ఉప్పులేని సల్ల బువ్వ. గిన్నెలకు గిన్నెలు. మళ్లీ ముక్క ముట్టలేదు. టీవీ ఉన్నన్నాళ్లు దాని ముందు, పోయాక అది ఉండిన ఖాళీ జాగా ముందు. నోరు తెరిచి నమిలేది. ఆ చప్పుడు ఇల్లంతా వినపడేది. తిన్నది ఎక్కడికి పోయేదో, ఏడాదికేడాది చిక్కిపోయి నులక మంచంలో కనిపించకుండా అయింది. అడిగితే “ఆకలైతాంది” అనేది, సరిత అన్నట్టే, ఉన్న మాట చెప్పినట్టు.

నా బిడ్డను ఆమే కాపాడిందా? నాకు తెలియదు. కాపాడిందనే అనుకోండి. అయినా ఆ నమిలే చప్పుడు వింటే నేను పెరట్లోకి వెళ్లిపోయేదాన్ని. దండం పెట్టాలని తెలుసు, రోత ఆగలేదు. పక్కన కూర్చుని ఒక్కపూట అన్నం తినలేకపోయాను. ఆమె సల్ల బువ్వ మాత్రం చివరిదాకా నేనే కలిపి ఇచ్చాను.

సరిత డిగ్రీ చదివేటప్పుడు ఆమె పోయింది. పిట్టకు పెట్టే రోజున, ఇన్నేళ్లు నోరు కట్టుకుందని చుట్టాలంతా యాటకూర, చేపల పులుసు వండి పెట్టారు. కాకులు గోడ మీద కూర్చున్నాయి. దిగలేదు. నేను చూస్తూ నిలబడ్డాను. నాకు తెలుసు ఏం పెట్టాలో. అయినా వెళ్లి తేలేదు.

సరిత లోపలికి వెళ్లి సల్ల బువ్వ కలిపి తెచ్చింది. ఉప్పు వేయలేదు. ఎవరూ చెప్పలేదు దానికి. విస్తట్లో పెట్టి చేయి వెనక్కి తీసుకోకముందే రెండు కాకులు దిగాయి. ఒక్క విస్తట్లో, ముక్కుకు ముక్కు తగిలేట్టు తిన్నాయి. అందరూ చేతులు జోడించారు. నేను మొహం తిప్పుకున్నాను.

“అమ్మా, బొమ్మ నిలబడ్డది” అంది సరిత, నా పక్కన.

మేము నిలబడ్డది ఖాళీ పెరట్లో. ఏం బొమ్మే అని ఆ సాయంత్రం అడిగితే, నేనేమీ అనలేదే అంది. నేను విన్నాను. ఇన్నేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను. అల్లుడు గారూ, ఆ పాత టీవీని మాత్రం ఇంట్లోంచి తీసేయండి. లేదంటే కనీసం అది నడిచేటప్పుడు నా బిడ్డను అన్నానికి పిలవకండి.